నాచెజ్ బంగళాలు: టికెట్ కొని మరీ చూడాలా?

మడత_మ్యాప్:
అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలో నది ఒడ్డున నాచెజ్ అని చిన్న ఊరు. బానిసలతో పత్తి పండించి కోట్లకు పడగలెత్తిన వాళ్ళ బంగళాలు ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తున్నారు. మొన్న లాంగ్‌వుడ్ చూసొచ్చాం. ఎనిమిది మూలల ఇల్లు, నెత్తిన ఉల్లిగడ్డ లాంటి గుమ్మటం. 1860లో మొదలుపెడితే మరుసటేడు అంతర్యుద్ధం వచ్చి, ఉత్తరాది నుంచి వచ్చిన పనివాళ్ళు వెళ్ళిపోయారు, 32 గదుల్లో కింది అంతస్తువి 9 మాత్రం పూర్తయ్యాయి, పైకెళ్తే ఒట్టి ఇటుకలూ దూలాలే. నాకు భలే నచ్చింది. మా ఆవిడేమో కారెక్కాక "డబ్బులిచ్చి ఎవరి గొప్పలు విన్నట్టు మనం?" అంది. మీరేమంటారు?

గోదారోడు:
మీ ఆవిడే కరెక్ట్. ఆ ఊళ్ళోనే ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ దగ్గర ఆగారా? మనుషుల్ని అమ్మిన సంత అది, ఆ వైపు న్యూ ఆర్లీన్స్ తర్వాత అదే పెద్దది. బోర్డులూ, సిమెంటులో పాతిన సంకెళ్ళూ, అంతే. బంగళాల యాత్ర 1932 నుంచి నడుస్తోంది, ఈ సంత చోటు మాత్రం 2021లో గానీ నేషనల్ పార్క్ వాళ్ళ (చారిత్రక స్థలాలు చూసుకునే ప్రభుత్వ సంస్థ) చేతికి రాలేదు.

ఓరుగల్లు_పిల్ల:
అన్నా, మరీ కొట్టిపారేయకండి. మా వైపు దొరల గడీలు కూలుతుంటే పీడ విరగడైందనే అనుకున్నారు. సరే, గడీ పోయాక వెట్టి అంటే ఏంటో మా తమ్ముడికి ఏం చూపించి చెప్పాలి? నాచెజ్‌లో మెల్‌రోజ్ చూడండి, పార్క్ వాళ్ళది. భోజనాల బల్ల మీద పెద్ద చెక్క పంకా వేలాడుతుంది, అక్కడ కూడా దాన్ని పంకా అనే అంటారు. వాళ్ళు తిన్నంతసేపూ ఒక బానిస నిలబడి తాడు లాగాలి.

గోదారోడు:
అది ఎవరో ఒకరు చెప్తేనే గదమ్మా తెలిసేది. నేను వెళ్ళిన ఒక బంగళాలో, పేరెందుకులే, కర్టెన్ల గురించి అరగంట చెప్పారు. వంట ఎవరు చేసేవారండీ అంటే "సర్వెంట్స్" అన్నారు. సర్వెంట్సంట! జీతమిచ్చారా మరి?

మడత_మ్యాప్:
అయితే ఇది చెప్పండి. అదే ఊళ్ళో విలియం జాన్సన్ ఇల్లు. బానిసగా పుట్టాడు, 1820లో విడుదలయ్యాడు, బార్బర్ షాపు పెట్టి బాగా సంపాదించాడు, 1835 నుంచి 1851లో హత్యకు గురయ్యేదాకా డైరీ రాశాడు. ఆయన కూడా బానిసల్ని కొన్నాడు! దీన్ని ఏ ఖాతాలో వేస్తారు?

గోదారోడు:
అది చూడలేదు. ఈసారి ముందు అక్కడికే వెళ్తా.