పర్షియన్ పిల్లి నిజంగా పర్షియాదేనా? ఒక లంకె దొరకట్లేదు

పర్షియన్ పిల్లి పుట్టుక మీద ఒక వ్యాసం రాస్తూ మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను. (మన పెట్ షాపుల్లో బొచ్చున్న ప్రతి పిల్లీ పర్షియనే, ఆ సంగతి వదిలేయండి.)

ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె 1620లో ఇరాన్ (అప్పటి పర్షియా) నుంచి రాసిన ఉత్తరంలో అక్కడి ఖొరాసాన్ ప్రాంతంలోని పొడవాటి బొచ్చు పిల్లుల గురించి చెప్పి, వాటిని రోముకు తీసుకెళ్లాలనుకున్నాడు. తర్వాత 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఇంగ్లిష్ చిత్రకారుడు హారిసన్ వీర్ పెట్టిన పిల్లుల ప్రదర్శన. 1889లో అదే వీర్ తన పుస్తకంలో అంగోరా, పర్షియన్, రష్యన్ బొచ్చు పిల్లుల్ని వేర్వేరుగా వర్ణించాడు. మధ్యలో 250 ఏళ్లు ఖాళీ!

జన్యువుల వైపు వెళ్లినా తేలలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ బృందం 2008లో చేసిన అధ్యయనంలో పర్షియన్లు పశ్చిమ యూరప్ పిల్లుల గుంపులోనే పడ్డాయి. టర్కిష్ అంగోరా మాత్రం తూర్పు మధ్యధరా పిల్లులతో కలిసింది. బొచ్చు జన్యువు ఎఫ్‌జీఎఫ్5 చూద్దామంటే, అందులోని ఒక మార్పు బొచ్చు జాతులన్నిటిలోనూ ఉంది, కాబట్టి అదీ ఆధారం కాదు. 1887లో మొదలైన నేషనల్ క్యాట్ క్లబ్ వంశావళి పుస్తకాలు చూద్దామన్నా, అవి అప్పటికే ఇంగ్లండులో ఉన్న పిల్లులవి. ఇంటర్నెట్ వ్యాసాలన్నీ ఒకదాన్నొకటి చూసి రాసినవే.

ఫార్సీ లేదా ఇటాలియన్ చదవగలిగినవారు, పాత రికార్డులు తిరగేసినవారు చెప్పండి: 1620కీ 1871కీ మధ్య ఇరాన్ నుంచి యూరప్‌కు బొచ్చు పిల్లులు నిజంగా చేరాయని చూపే సమకాలీన పత్రం ఏదైనా మీరు చూశారా?