అలెగ్జాండ్రా రాణి సేవ పేరుకేనా?

ప్రశ్న: ఏడో ఎడ్వర్డ్ భార్య అలెగ్జాండ్రా (డెన్మార్క్ ఆడపిల్ల, 1863లో ఇంగ్లండ్ కోడలైంది) గురించి వెతికితే నగలు, గౌన్లే వస్తున్నాయి. దానధర్మాలు చేసిందంటారు, ఏమైనా మిగిలిందా లేక రిబ్బన్ కటింగులేనా?

జవాబు: మిగిలిందండీ. చర్మానికొచ్చే క్షయ అప్పట్లో ముక్కూ మొహమూ తినేసేది, దానికి గాఢమైన కాంతితో చికిత్స చేసే ఫిన్సెన్ దీపాన్ని 1900లో లండన్ హాస్పిటల్‌కి తెప్పించింది ఆవిడే. ఫిన్సెన్ కోపెన్‌హాగెన్‌లో పనిచేసిన డాక్టర్, 1903లో నోబెల్ వచ్చింది. పుట్టింటి పరిచయాలు ఇలా అక్కరకొచ్చాయన్నమాట! ఆ ఆసుపత్రిలో ఆవిడ విగ్రహం పీఠం మీద ఈ చికిత్స దృశ్యమే చెక్కారు.

ఇంకో జవాబు: 1912లో మొదలైన అలెగ్జాండ్రా రోజ్ డే మర్చిపోయారు. వికలాంగులు చేసిన గులాబీలు వీధుల్లో అమ్మి, ఆ డబ్బు ఆసుపత్రులకిచ్చేవాళ్లు. జేబులోంచి తీసింది జనమే, పేరు రాణిది, అది ఒప్పుకోవాలి. కాకపోతే ఆ సంస్థ ఇప్పటికీ ఉంది, పేద కుటుంబాలకు పళ్లూ కూరగాయలూ కొనుక్కోడానికి వోచర్లిస్తోంది.

ప్రశ్న అడిగినవారు: వోచర్ల సంగతి అస్సలు తెలీదు, థాంక్సండీ. బ్రిటిష్ ఆర్మీ నర్సుల దళానికీ 2024 దాకా ఆవిడ పేరే ఉండేది కదా?

జవాబు: అవును, 1902లో పెట్టారు.