“మళ్ళీ” అంటే ఎప్పటికి మళ్ళడం?

మంగళవారం ఒక మిత్రుడు ఇక్కడ పెట్టిన ప్రశ్న చిన్నదే: ట్రంప్ నినాదం ‘మేక్ అమెరికా గ్రేట్ అగైన్’ని తెలుగులో ఏమనాలి? జవాబిచ్చినవాళ్ళలో చాలామంది ‘అమెరికాకు పూర్వ వైభవం’ అన్నారు. నాకది ఒప్పడం లేదు. పన్నెండేళ్ళుగా ఒహాయోలో ఉంటున్నాను, ఈ మాట రోజూ చెవిన పడుతూనే ఉంటుంది. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

‘పూర్వ వైభవం’ మన నాలుకకు బాగా అలవాటైన మాట. పాడుబడ్డ గుడికి పూర్వ వైభవం తెస్తారు, ఓడిపోయిన పార్టీకి తెస్తారు, ఎండిన చెరువుకీ తెస్తారు. తెచ్చేది ఎప్పుడూ నాయకుడే, మనం చూస్తూ కూర్చుంటాం. పైగా ‘వైభవం’ అనేశాక అది నిజంగా ఉండేదా, ఎవరికి ఉండేది అని అడగడానికి చోటే మిగలదు. అనువాదకుడే సాక్షి సంతకం పెట్టేసినట్టు అవుతుంది. ఇంగ్లీషులో తగువంతా ఆ చివరి ‘అగైన్’ మీదే ఉంది. దాన్ని మింగేసి ఈ నినాదాన్ని అనువదించడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఈ నినాదం ట్రంప్‌తో పుట్టలేదు. 1980 ఎన్నికల్లో రీగన్ బ్యాడ్జీల మీద ‘లెట్స్ మేక్ అమెరికా గ్రేట్ అగైన్’ అని ఉండేది. అప్పుడు ధరలు మండుతున్నాయి, టెహ్రాన్‌లో రాయబార కార్యాలయం సిబ్బంది బందీలుగా ఉన్నారు. 1991లో అవతలి పార్టీ మనిషి క్లింటన్ కూడా తాను పోటీ చేస్తున్నానని ప్రకటిస్తూ ‘మనమంతా కలిసి’ అని చేర్చి ఇదే మాట అన్నాడు. 2012 నవంబరులో ట్రంప్ ట్రేడ్‌మార్కుకు దరఖాస్తు పెట్టేసరికి ముందున్న ‘లెట్స్’ రాలిపోయింది. ఇంగ్లీషులో అదో చిన్న మాట. తెలుగులోకి తెస్తే క్రియే మారిపోతుంది: ‘చేద్దాం’ కాస్తా ‘చెయ్యండి’ అవుతుంది.

ఆ ‘దాం’ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తెలుగులో ‘మేము చేద్దాం’ అనలేం. ‘మనం చేద్దాం’ అనే అనాలి. వింటున్నవాణ్ణి కలుపుకోకుండా ఆ ప్రత్యయం నోట రాదు. ఇంగ్లీషు ‘వుయ్’కి ఈ కట్టుబాటు లేదు. వేదిక ఎక్కినాయన ‘వుయ్ అప్పట్లో బాగుండేవాళ్ళం’ అంటే, మేము బాగుండేవాళ్ళం అన్నాడో, మనం బాగుండేవాళ్ళం అన్నాడో ఆ భాష చెప్పదు. వేలమంది ఉన్న మైదానంలో ఎవరికి కావలసినట్టు వాళ్ళు వింటారు. తెలుగులో రాసేవాడు మాత్రం ఏదో ఒకటి ఎంచుకు తీరాలి. ఈ చర్చలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే.

ఇక ‘అగైన్’. మనకున్న రెండు మాటలూ క్రియల నుంచి వచ్చినవే. ‘తిరిగి’లో తిరగడం ఉంది, ‘మళ్ళీ’లో మళ్ళడం ఉంది. ఇప్పుడు రెండిటినీ అవ్యయాల్లాగే వాడుతున్నాం, నిజమే. కానీ ‘ఆవుల్ని ఇంటికి మళ్ళేసుకురా’ అన్నప్పుడూ, ‘వయసు మళ్ళింది’ అన్నప్పుడూ పాత కదలిక ఇంకా బతికే ఉంది. వ్యాకరణం చదివినవాళ్ళకు గుర్తుంటుంది, క్త్వార్థకానికీ (‘తిని వెళ్ళాడు’లో ‘తిని’ లాంటిది) అసలు క్రియకీ కర్త ఒక్కడే. ‘తిరిగి గొప్పగా చేద్దాం’ అంటే చేసేవాళ్ళే తిరగాలి. ఎటు? ఏ సంవత్సరం వైపు?

అడిగితే ఎక్కువగా వినపడేది 1950లు. ఆ కాలాన్ని తీసిపారేయడానికి లేదు. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు 1944 చట్టం కింద ప్రభుత్వమే చదువుకి డబ్బిచ్చింది, ఇంటి అప్పుకి పూచీ పడింది. జీతం మీద పనిచేసేవాళ్ళలో మూడోవంతు మంది యూనియన్లలో ఉండేవారు, ఇప్పుడు పదోవంతు. ఆదాయం పన్నులో అన్నిటికంటే పై మెట్టు 91 శాతం. అంటే ఆ రోజుల మీద మోజు ఒక పార్టీ సొత్తు కాదు. ఒకాయనకు ఆ యూనియన్లు కావాలి, ఇంకొకాయనకు ఆదివారం నిండిన చర్చి కావాలి, ఇద్దరూ అనేది ‘అగైన్’ అనే.

కానీ 1947 నుంచి న్యూయార్క్ పక్కన లెవిట్‌టౌన్‌లో కట్టిన ఇళ్ళ అద్దె ఒప్పందంలో, తెల్లవాళ్ళు కానివారు ఇంటి పనివాళ్ళుగా తప్ప అక్కడ ఉండరాదని రాసి ఉండేది. బ్యాంకులు ఆడవాళ్ళ అప్పు విషయంలో వివక్ష చూపరాదన్న చట్టం 1974లో గానీ రాలేదు. ఇక మన సంగతి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు పౌరసత్వ చట్టం చెప్పే ‘తెల్లవారు’ కారని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1946 చట్టంతో తలుపు కాస్త తెరుచుకుంది, భారతదేశం మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా. ఆ గీత చెరిగింది 1965 అక్టోబరు 3న, స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద పెట్టిన సంతకంతో. నేను ఒహాయోలో కూర్చుని మీకు తెలుగులో రాస్తున్నానంటే ఆ సంతకం వల్లే. 1955 వైపు మళ్ళమంటే నా కాళ్ళకు దారి లేదు.

ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు.

మా ఊరు యంగ్స్‌టౌన్ దగ్గర. 1977 సెప్టెంబరు 19, సోమవారం నాడు ఇక్కడి క్యాంప్‌బెల్ ఉక్కు మిల్లు మూసేస్తున్నామని ప్రకటించారు. ఒక్క దెబ్బకి దాదాపు 5,000 ఉద్యోగాలు. మా పక్కింటి పెద్దాయనకి అప్పుడు పాతికేళ్ళు. ఆయన గ్యారేజీలో మేకుకి ఒక అల్యూమినియం క్యారేజీ వేలాడుతుంటుంది, వాళ్ళ నాన్నది. మూత మీద నంబరు మేకుతోనే గీకి ఉంది, అంచులో ఒక చోట సొట్ట. ఒకసారి ఆ డబ్బా చేతిలోకి తీసుకుని, “ఏది మళ్ళీ రావాలంటారు మీరు?” అని అడిగాను. గొప్పతనం ఊసెత్తలేదాయన. “శుక్రవారాలు” అన్నాడు. జీతం చేతికొచ్చే శుక్రవారం సాయంత్రం, వీధి పొడుగునా చేపల వేపుడు వాసన, అరుగుల మీద మనుషులు. అది చెబుతూ మూత తెరిచి మూశాడు, తెరిచి మూశాడు.

అది అబద్ధమని నేనెలా అంటాను? ఆయన పోగొట్టుకున్నది నిజం. అయితే ఆ ఉక్కు మిల్లుల్లో నల్లవాళ్ళను ఏళ్ళ తరబడి బొగ్గు బట్టీల దగ్గరే ఉంచేశారు. 1974లో తొమ్మిది ఉక్కు కంపెనీలు, క్యాంప్‌బెల్ మిల్లు యాజమాన్యంతో సహా, ఆ పద్ధతి మారుస్తామని కోర్టులో ఒప్పందానికి వచ్చాయి. మంచి పనుల తలుపు తెరిచిన మూడేళ్ళకే మిల్లుకే తాళం పడింది. ఆ శుక్రవారాల వాసన వాళ్ళ వీధిలో ఎలా ఉండేదో ఆ పెద్దాయన జ్ఞాపకంలో లేదు. ఆయన ‘వుయ్’ అన్నప్పుడల్లా నా తలలో తెలుగు అడ్డం పడుతుంది: మేమా, మనమా?

ఆ పెద్దాయన బాధలాంటిదాన్నే ఇంగ్లీషులో ‘నాస్టాల్జియా’ అంటారు. దాన్ని గత స్మృతి, గతకాల వ్యామోహం అని ఇక్కడ ఇద్దరు రాశారు. మొదటిది చప్పగా ఉంది, రెండోది తిట్టులా ఉంది. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి గ్రీకు నుంచి ఇంటికి చేరడం, నొప్పి అనే రెండు మాటలు అతికి ఆ పదాన్ని ఒక జబ్బుకి పేరుగా పెట్టాడు. అప్పుడది ఊరి కోసం పడే బాధ, కాలం కోసం కాదు. మనకి సరిగ్గా ఆ జబ్బుకే మాట ఉంది: బెంగ. హాస్టల్లో వేసిన పిల్ల ‘బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంది’ అంటాం. ‘పాత రోజుల బెంగ’ అంటే చాలదా? అందులో వెక్కిరింత లేదు, సాక్షి సంతకమూ లేదు.

కింద వ్యాఖ్యల్లో ఒకరు ఈ నినాదం వెనకున్న భావానికి ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ సరిపోతుందన్నారు. ఆ సామెత డాంబికాన్ని వెక్కిరించేది. పక్కింటాయన మూతి వాసన చూడమనడం లేదు, నెయ్యి ఎవరో ఎత్తుకుపోయారంటున్నాడు. ఎత్తుకుపోయింది ఫలానావాళ్ళు అని వేలు చూపించే నాయకుడు దొరికినప్పుడు బెంగ కోపమవుతుంది. ‘దూరపు కొండలు నునుపు’ కొంత నయం, కానీ అది ఎక్కనివాడి మాట. ఈయన ఆ కొండ మీదే పుట్టాడు.

చేర్పు: కరీంనగర్ మిత్రులు బెంగకి బదులు ‘యాది’ (జ్ఞాపకం) అని గుర్తుచేశారు, చాలా సంతోషం. అయితే యాదిలో నొప్పి తప్పనిసరి కాదు కదండీ. నొప్పికి మీ వైపు ‘రంది’ ఉంది. ‘పాత దినాల రంది’ అంటే సహజంగా వినిపిస్తుందా?

నా వరకు 1980 నినాదానికి ‘అమెరికాను మళ్ళీ గొప్పగా నిలబెడదాం’ అనీ, ఇప్పటిదానికి ‘అమెరికాను మళ్ళీ గొప్పగా నిలబెట్టండి’ అనీ రాసుకున్నాను. రెండోదాంట్లో ‘అండి’ మర్యాద అసలులో లేదని ఒప్పుకుంటాను, ‘నిలబెట్టు’ అంటే మరీ ఒక్కడికే చెప్పినట్టుంది. ఇంతకన్నా మంచి క్రియ తోస్తే రాయండి. బెంగకి మీ ఇళ్ళలో ఏమంటారో రాయలసీమ వాళ్ళు ఇంకా ఎవరూ చెప్పలేదు.