సమస్య: పండుఁ జూచి కత్తి పదును దప్పె

నిర్వాహకుడు:

ఈ వారం ఆటవెలది నాలుగో పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను.

పండుఁ జూచి కత్తి పదును దప్పె

కత్తికి కళ్లు లేవు, పండుకు ఉక్కు పదును తీసే శక్తి లేదు. ఆ అసంబద్ధతను పోగొట్టడమే పూరించేవారి పని. అయితే ఈసారి పురాణాల జోలికి పోవద్దని మనవి. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1998లో వెలువరించిన ‘ఎ క్లాష్ ఆఫ్ కింగ్స్’ అనే కాల్పనిక నవలలో, సింహాసనం నాదంటే నాదని తలపడ్డ అన్నదమ్ములు స్టానిస్, రెన్లీ యుద్ధానికి ముందు ఎదురుపడే ఘట్టానికే పూరణను అన్వయించాలి.

చదవనివారి కోసం ఆ సన్నివేశాన్ని చెబుతాను. స్టార్మ్స్ ఎండ్ అనే కోట బయట ఇద్దరూ గుర్రాల మీద కలుసుకున్నారు. మాటలు ముదురుతుండగా తమ్ముడు రెన్లీ అంగీలోపలికి చేయి పోనిచ్చాడు. బాకు తీస్తున్నాడని తలచి అన్న స్టానిస్ తన కత్తి మీద చేయి వేశాడు. తీరా బయటికి వచ్చింది ఒక పీచ్ పండు. హైగార్డెన్ అనే చోటి నుంచి వచ్చిందనీ, ఇంత తియ్యనిది ఎన్నడూ తిని ఉండవనీ చెప్పి తమ్ముడు దాన్ని అన్నకు ఇవ్వబోయాడు. తాను పండ్లు తినడానికి రాలేదని అన్న కసిరాడు. తమ్ముడు తానే కొరికి తిన్నాడు. మర్నాడు యుద్ధం మొదలు కాకముందే, తన గుడారంలోనే, తమ్ముడు ప్రాణాలు విడిచాడు.

అరసున్న:

పూరణ పంపే ముందు ఒక ఇబ్బందిని మనవి చేసుకుంటాను. ‘పీచ్’ను మన పద్ధతిలో అజంతం చేసి (అచ్చుతో ముగిసేలా మార్చి) పద్యంలో పెడితే ‘పీచు పండు’ అవుతుంది, చదివినవాడికి పళ్లలో ఇరుక్కునే పీచుమామిడి తలపుకు వస్తుంది. నిన్న రాత్రి కాగితం మీద గణాలు వేసుకుంటుంటే ‘పీచు లేని పండు పీచు పండు’ అనే పాదం దానంతట అదే పడింది. అయిదు గలములు (గురువు, లఘువు కలిసిన గణాలు), పీ–పీ యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి), వేలు పెట్టడానికి సందు లేదు. అయినా అన్నదమ్ముల మధ్య మృత్యువు నిలబడి ఉన్న చోట ఈ హాస్యం ఇమడదు కనుక, అందరం ‘పండు’ అనే మాటతోనే సరిపెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం.

నిర్వాహకుడు:

సమస్యలో పేరు పెట్టకపోవడానికి కారణం అదేనండీ. ఇక పూరణలు రానివ్వండి.

పిచ్చుకగూడు:

తమ్ముఁ డంగిలోనఁ దడవఁగా నన్నయ్య
పిడినిఁ బట్టెఁ గపటభీతితోడఁ
బైకిఁ దీసె నతఁడు పండు నొక్కటి నవ్వి
పండుఁ జూచి కత్తి పదును దప్పె.

అరసున్న:

నడక హాయిగా ఉంది, యతులన్నీ చెల్లాయి. కానీ ‘కపటభీతి’ అన్న సమాసం రెండు వైపులా తెగుతుంది. ‘కపటం వలన కలిగిన భీతి’ అని మీ ఉద్దేశం. ‘నటించిన భీతి’ అని పాఠకుడు తీసుకునే ప్రమాదమే ఎక్కువ. స్టానిస్ ఎన్నడూ ఏదీ నటించలేనివాడు కనుక ఆ అర్థం పాత్రకు పూర్తిగా విరుద్ధం. ‘పిడినిఁ బట్టె ఘాతభీతితోడ’ అంటే గణమూ యతీ చెడకుండా, దెబ్బ పడుతుందేమోనన్న భయం అని స్పష్టమవుతుంది.

పిచ్చుకగూడు:

సవరణను శిరసావహిస్తున్నాను. ‘ఘాతభీతి’యే ఉండనివ్వండి.

నిర్వాహకుడు:

ఒక్క మాట కలుపుతాను. ఈ పూరణ జరిగినదాన్ని జరిగినట్టు చెప్పింది, అంతకు మించి లోపలికి వెళ్లలేదు. ఆ పండు ఎందుకు అంత బలమైనదయింది? పిడి మీదికి చేయి పోయిందంటేనే అన్న భయపడ్డాడని చుట్టూ ఉన్నవారందరికీ తెలిసిపోయింది. బాకు తీసి ఉంటే ఆ భయం వీరుడి జాగ్రత్త అయ్యేది. పండు తీయడం వల్ల నగుబాటు అయింది. కత్తి పదును తప్పడం అక్కడ ఉంది. పద్యంలో ‘నవ్వి’ అన్న ఒక్క క్త్వార్థం (అసమాపక క్రియ) ఆ భారమంతా మోయవలసి వచ్చింది.

ఎడారిమొల్ల:

అన్నచేతిలోన నగ్నిఖడ్గము వెల్గెఁ
దమ్మునిదగు చేతఁ గమ్మ పండు
నలిఁగె నవ్వు ముందు నాణెంపు టుక్కెల్ల
పండుఁ జూచి కత్తి పదును దప్పె.

పిచ్చుకగూడు:

రెండో పాదంలో ‘ద’కూ ‘గ’కూ యతి ఎలా చెల్లుతుందండీ? నా పద్యంలో సమాసాన్ని పట్టుకున్న అరసున్న గారు ఇక్కడ మాట్లాడలేదేమి?

అరసున్న:

ఇక్కడ తప్పు లేదు కనుక మాట్లాడలేదు. ఆటవెలది ఉపజాతి పద్యం. అక్షరయతికి బదులు, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి వేసుకోవచ్చు. ‘దమ్ము’, ‘గమ్మ’ అన్న చోట్ల రెండో అక్షరం ద్విత్వ మకారమే, రెండు చోట్లా ముందున్నది గురువే. కాబట్టి నిక్షేపంగా చెల్లింది.

నిర్వాహకుడు:

అగ్నిఖడ్గాన్ని తీసుకురావడం మంచి ఆలోచన. స్టానిస్ ఆ కలయికలోనే వింత కాంతితో మెరిసే ఖడ్గాన్ని దూసి, దానికి తమ్ముడి నెత్తురు అంటించడం తనకు ఇష్టం లేదనీ, ఒక రాత్రి గడువిస్తున్నాననీ చెబుతాడు. ఒకరి చేతిలో మాయావెలుగు, మరొకరి చేతిలో తోటలో పండిన పండు. ఒకటి చూసి మోకరిల్లవలసినది, మరొకటి కొరికితే గడ్డం మీద రసం కారేది. ఇద్దరూ ఎలాంటి రాజులు కాగలరో ఆ రెండు వస్తువులే చెప్పేస్తున్నాయి. అయితే మూడో పాదం దగ్గర నాకు అసంతృప్తి ఉంది. ‘నలిఁగె నవ్వు ముందు’ అని చెప్పేశాక ‘పదును దప్పె’ అన్న సమస్యకు చేయడానికి పని మిగలలేదు. సమస్యాపాదం వచ్చినప్పుడు చదువరి ఉలిక్కిపడాలి. ముందు పాదమే గుట్టు విప్పితే ఆ ఉలికిపాటు పోతుంది.

గోదారిగట్టు:

నా పూరణకు ముందు ఒక పూర్వకథ చెప్పక తప్పదు. వారు కలుసుకున్న ఆ కోటనే, పెద్దన్న రాబర్ట్ తిరుగుబాటు చేసిన నాటి యుద్ధంలో, స్టానిస్ దాదాపు ఏడాది పాటు ముట్టడిలో నిలబెట్టాడు. లోపలివాళ్లు తిండి లేక ఎలుకలను తిన్నారు. గోడ అవతల ముట్టడి వేసి కూర్చున్నది హైగార్డెన్ ప్రభువు. యుద్ధం ముగిశాక రాబర్ట్ ఆ కోటను అన్నకు కాకుండా చిన్నవాడైన రెన్లీకి కట్టబెట్టాడు. రెన్లీ ఇప్పుడు ఆ హైగార్డెన్ ప్రభువుకే అల్లుడై, ఆ సేనతోనే అన్న మీదికి వచ్చాడు.

కోటలోన నాఁడు కూడు లేకున్నట్టి
యన్న కెదుటఁ దమ్ముఁ డాదరమున
ముట్టడించినట్టి మూఁక తోఁటది యిచ్చె;
పండుఁ జూచి కత్తి పదును దప్పె.

నిర్వాహకుడు:

ఇప్పుడు పండుకు వేరు దొరికింది. ‘ఆదరమున’ అన్న మాటలోని వెక్కిరింత నాకు బాగా నచ్చింది.

పురాణాల జోలికి పోవద్దని చెప్పిన నేనే నియమం తప్పుతున్నాను, మన్నించాలి. ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు విందుకు పిలిస్తే శ్రీకృష్ణుడు నిరాకరిస్తూ, పరుల అన్నం ప్రీతి ఉన్నప్పుడు తినాలి, లేదా ఆపదలో ఉన్నప్పుడు తినాలి, ఇక్కడ నీకు ప్రీతి లేదు, నాకు ఆపద లేదు అంటాడు. స్టానిస్ పండు కాదనడాన్ని ఆ కొలతతో చూడండి. ప్రీతి సంగతి సరేసరి. ఆపద మాత్రం అతనికి నిజంగానే ఉండేది, ఆ గోడల మధ్యనే, కడుపు మాడిన ఆ ఏడాదంతా. అప్పుడు రాని పండు ఇప్పుడు, ఆకలి లేని వేళ, నవ్వుతో పాటు వచ్చింది. అందుకే ‘తినడానికి రాలేదు’ అన్న మాట నా చెవికి కోపంగా కన్నా పాత ఆకలిగా వినిపిస్తుంది.

అరసున్న:

ఒక చిన్న అభ్యంతరం. ప్రభువు సేనను ‘మూక’ అనడం స్టానిస్ నోట అయితే ఒప్పుతుంది, కవి నోట ఒప్పదు. పద్యం ఎవరి మాటో తేల్చుకుంటే మంచిది.

గోదారిగట్టు:

కవి నోటనే పెట్టాను, కానీ మనసు అన్న పక్షాన ఉంది. దాచుకోను.

ఎడారిమొల్ల:

గోదారిగట్టు గారి పూర్వకథ చదివాక నా మొదటి పద్యం నాకే పేలవంగా తోచింది. ఆ ముట్టడి నాడే డావోస్ అనే దొంగసరుకుల ఓడవాడు చీకట్లో శత్రునౌకల కళ్లుగప్పి ఉల్లిపాయలూ ఉప్పుచేపలూ కోటలోకి చేర్చి లోపలివాళ్లను బతికించాడు. స్టానిస్ అతనికి ‘నైట్’ అనే వీరబిరుదు ఇచ్చాడు, పాత దొంగతనాలకు శిక్షగా ఎడమచేతి నాలుగు వేళ్ల కొసలు కూడా నరికాడు. దాన్ని పెట్టుకుని మరొకటి రాశాను.

ఉల్లి తెచ్చినట్టి యోడవాఁ డొక్కండు
ప్రాణదాత, తీపి పండు తెచ్చి
తమ్ముఁ డయ్యె మనసుఁ దాఁకెడి శత్రువు
పండుఁ జూచి కత్తి పదును దప్పె.

అరసున్న:

ఛందస్సులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ‘ఉల్లి’కి ‘యోడ’ స్వరయతి (అచ్చుల మైత్రి), ‘ప్రాణ’కు ‘పండు’ యతి, రెండూ సలక్షణం.

నిర్వాహకుడు:

ఇంతవరకు వచ్చిన వాటిలో ఇది మేలైనదని జంకు లేకుండా చెబుతాను. ఘాటైన ఉల్లిపాయ ప్రాణం నిలిపింది, తియ్యని పండు మనసును కోసింది. మన ఊళ్లలో ఉల్లి కోసినవాడి కంట నీరు వస్తుంది. ఇక్కడ ఆ నీరు పండు వంతుకు వచ్చింది. కవయిత్రి ఈ మాట ఎక్కడా అనలేదు, రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి తప్పుకున్నారు. ప్రతీక అని పేరు పెట్టి వివరించిన చోట ప్రతీక చచ్చిపోతుంది. మూలంలోనూ అంతే, ఆ కలయికను మనం చూసేది అన్నదమ్ముల కళ్లతో కాదు, రాజీ కోసం వచ్చిన కేట్లిన్ అనే పరాయి స్త్రీ కళ్లతో, కాబట్టి పండు ఇవ్వజూపడంలో తమ్ముడి ఆంతర్యం ఏమిటో చివరిదాకా మనకు చిక్కదు.

తాటితోపు:

ఆలస్యంగా వచ్చాను. తమ్ముడిని చంపింది కత్తి కాదు, ఎర్రబట్టల మంత్రగత్తె పుట్టించిన నీడ. ఆ నీడకు అన్న రూపు ఉంది. దాన్నే తీసుకున్నాను.

నీడచేతఁ జచ్చె నిండు యౌవనమునఁ
దమ్ముఁ డంత నన్న తలఁపులోన
నిలిచె రసము గాఱు నెత్తావి ఫల మొండు
పండుఁ జూచి కత్తి పదును దప్పె.

అరసున్న:

‘ఫల మొండు’ అని ముగించి వెంటనే ‘పండుఁ జూచి’ అనడం పునరుక్తి. పైగా ‘నెత్తావి’ వంటి అందమైన మాట పక్కన పొడిగా ‘ఫలము’ రావడం బాగాలేదు. గణాన్ని త-గణంగా (రెండు గురువులు, ఒక లఘువు) మార్చుకుని ‘నవ్వొండు’ అని చూడండి.

నిర్వాహకుడు:

సవరణ బంగారంలా ఉంది. ఒక విషయం మాత్రం మరవకండి. తమ్ముడు పోయాక స్టానిస్ ఒక సందర్భంలో ఆ పండు సంగతి ఎత్తి, తన చేత భయం బయటపెట్టించడానికే అలా చేశాడా, లేక అర్థం లేని వేళాకోళమా, లేక అందులో ఏదైనా మర్మం ఉందా అని తనలో తాను తర్కించుకుంటాడు. సమాధిలోకి వెళ్లేదాకా తమ్ముడి పండే తలపులో ఉంటుందని అంటాడు. ఆ మాట విన్నది ఎవరనుకున్నారు? ఉల్లిపాయలు తెచ్చిన డావోసే. అందుకే ఎడారిమొల్ల గారి రెండో పూరణ తరువాత తాటితోపు గారి పూరణను వరుసగా చదువుకోవాలని నా కోరిక. బహుమతి అంటూ ఏమీ లేదు కాబట్టి మొదటి స్థానాన్ని ఇద్దరికీ పంచడంలో నాకు ఖర్చు లేదు.

తాటితోపు:

ధన్యవాదాలు. సవరించిన పద్యం ఇదిగో. ఈసారి సమస్యాపాదంలోని పండు అన్న తలపులో మిగిలిన పండేనని విడిగా చెప్పనక్కరలేదనుకుంటాను.

నీడచేతఁ జచ్చె నిండు యౌవనమునఁ
దమ్ముఁ డంత నన్న తలఁపులోన
నిలిచె రసము గాఱు నెత్తావి నవ్వొండు
పండుఁ జూచి కత్తి పదును దప్పె.