చర్చ: పర్పుల్ గ్యాంగ్ అనే పాత బ్రిటిష్ జగ్ బ్యాండ్ ఎవరైనా విన్నారా?

పాతపాటల_శ్రీను:
అరవైల నాటి బ్రిటిష్ పాటల సంకలనం ఒకటి వింటున్నాను. అందులో పర్పుల్ గ్యాంగ్ పాడిన ‘గ్రానీ టేక్స్ ఎ ట్రిప్’ దగ్గర ఆగిపోయాను. 1967 పాట. చుట్టూ ఉన్నవన్నీ ఎలక్ట్రిక్ గిటార్ల మోత, ఇది మాత్రం పియానో, కజూలతో (నోట్లో పెట్టుకుని హమ్ చేస్తే బుర్రుమని మోగే చిన్న వాయిద్యం) హాయిగా దూకుతోంది. నిర్మాత జో బాయ్డ్. రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ తొలి సింగిల్ (విడిగా అమ్మే ఒక్క పాట రికార్డు) ‘ఆర్నల్డ్ లేన్’ చేసిందీ ఆయనే. మరి వీళ్ల పేరు ఎందుకు వినబడదు?

సుధ_మాంచెస్టర్:
శ్రీను గారూ, వీళ్లు మా పక్కన స్టాక్‌పోర్ట్ వాళ్లే. ఆ పాట పేరే వాళ్ల కొంప ముంచింది. అది అప్పట్లో లండన్ కింగ్స్ రోడ్డులో బాగా నడుస్తున్న బట్టల షాపు పేరు. పాటలో ఉన్నది హాలీవుడ్ పిచ్చి ఉన్న ఒక బామ్మ. కానీ ‘ట్రిప్’ అంటే మత్తుమందు సంగతేనని బీబీసీ పాటను ఆపేసింది. రేడియోలో రాకపోతే ఆ రోజుల్లో సింగిల్ ఎలా అమ్ముడవుతుంది? నాకైతే ఇప్పటికీ కోపం వస్తుంది.

గోదారి_కుర్రాడు:
జగ్ అంటే మన ఘటంలా చేత్తో కొడతారా అక్కా?

సుధ_మాంచెస్టర్:
కాదు తమ్ముడూ, ఊదుతారు. కూజా మూతికి కాస్త ఎడంగా పెదాలు పెట్టి, ట్రంపెట్ వాయించేవాళ్లలా వాటిని బుర్రుమనిపిస్తారు. కూజా ఆ చప్పుడుని పెద్దది చేసి బేస్‌లా వినిపిస్తుంది. స్వరం మారేది పెదాల బిగువుతోనే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను, గాలి తగిలే శబ్దం కూడా దొరుకుతుంది.

వినైల్_వెంకట్:
దీని మూలాలు అమెరికాలో ఉన్నాయి. లూయీవిల్, మెంఫిస్ ఊళ్ల నల్లజాతి కళాకారులు మొదలుపెట్టారు. మెంఫిస్ జగ్ బ్యాండ్ తొలి రికార్డులు 1927లో వచ్చాయి. అక్కడి గస్ కానన్ జగ్‌ని మెడకు తగిలించుకుని, దాన్ని ఊదుతూనే రెండు చేతులతో బాంజో వాయించేవాడు. ఆయన 1929 నాటి ‘వాక్ రైట్ ఇన్’ని 1963లో రూఫ్‌టాప్ సింగర్స్ పాడి అమెరికాలో నంబర్ వన్ చేశారు. బ్రిటన్‌లో ముందు గాయకుడు లానీ డానెగన్ స్కిఫిల్ వచ్చింది, అంటే ఇంట్లో దొరికే సామాన్లతో వాయించే పాటలు. బట్టలుతికే వాష్‌బోర్డు, టీ పెట్టెతో చేసిన బేస్ పట్టుకుని కుర్రాళ్లంతా బ్యాండ్లు కట్టారు. పర్పుల్ గ్యాంగ్ పేరు కూడా అమెరికాదే, డెట్రాయిట్‌లో సారా నిషేధం నాటి గూండాల ముఠాది.

పాతపాటల_శ్రీను:
వెంకట్ అన్నా, థాంక్స్. సంకలనం వేసినవాళ్లు దీన్ని సైకెడెలిక్ (మత్తు అనుభూతిని తలపించే అప్పటి రాక్) వరుసలో పెట్టారు. నాకు అది సరిగ్గా అనిపించలేదు. ఆ కాలంలో వచ్చింది కాబట్టి ఆ గుంపులో కలిపేశారు అంతే. 1968లో వచ్చిన ‘ది పర్పుల్ గ్యాంగ్ స్ట్రైక్స్’ ఆల్బమ్ కూడా విన్నాను, అది పాత అమెరికన్ బాణీల మీద ప్రేమతో చేసిందే.

వినైల్_వెంకట్:
నిజమే. అలాంటి సంకలనం ఒక్క పాటే ఇస్తుంది, మనం దాంతో ఆగిపోకూడదు. జగ్ మోత జనంలోకి పోయింది 1970లో, మంగో జెర్రీ ‘ఇన్ ద సమ్మర్‌టైమ్’తో. ఏడు వారాలు బ్రిటన్‌లో నంబర్ వన్. అందులో డ్రమ్స్ లేవు, గమనించారా?

గోదారి_కుర్రాడు:
ఇప్పుడే విన్నాను, నిజంగా లేవు! ఇంకేమైనా చెప్పండి, ఈ వారం ఇవే వింటాను.

సుధ_మాంచెస్టర్:
బ్రెట్ మార్విన్ అండ్ ద థండర్‌బోల్ట్స్ విను. వీళ్లే టెర్రీ డాక్టిల్ అండ్ ద డైనోసార్స్ అనే మారుపేరుతో ‘సీసైడ్ షఫుల్’ చేస్తే 1972లో బ్రిటన్ చార్టులో రెండో స్థానానికి వెళ్లింది. పాడినది జోనా లూయీ. ఆ తర్వాత పనామా లిమిటెడ్ జగ్ బ్యాండ్ 1969 ఆల్బమ్. అది కొంచెం గరుకుగా ఉంటుంది, రెండుసార్లు విన్నాకే నచ్చుతుంది.