తిర్సా అనే పేరు పాపకి పెట్టొచ్చా? అర్థం ఏమిటి?

చిన్నారి_అమ్మ (భీమవరం):

మా పాప పుట్టి ఈ రోజుకి పదహారు రోజులు. జనన నమోదు కాగితంలో పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది. నాకు తిర్సా అని పెట్టాలని ఉంది. మా అమ్మమ్మ పేరు తిర్సమ్మ. నన్ను పెంచింది ఆవిడే. నా పెళ్లికి ఆరు నెలల ముందు పోయింది.

ఇంట్లో తలో మాట. నోరు తిరగదు, స్కూల్లో ఏడిపిస్తారు అని అత్తయ్యగారు. మా ఆయన ఇంటర్నెట్‌లో వెతికితే ఒక చోట "ఇష్టమైనది" అని, ఇంకో చోట "సైప్రస్ చెట్టు" అని ఉంది. దానికి తోడు మా సంఘ పెద్ద ఒకాయన పాపని చూడటానికి వచ్చి, "తిర్సా అంటే దుష్ట రాజులు ఏలిన పట్టణం, ఆడపిల్లకి ఎందుకమ్మా ఆ పేరు" అనేసి వెళ్లారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. అసలు అర్థం ఏది? ఈ రోజుల్లో ఎవరైనా పెట్టుకుంటున్నారా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కోనసీమ_తమ్ముడు (రమత్ గాన్):

అక్కా, నేను ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను, ఆరేళ్లయింది. నేను చూసుకునే తాతగారి పక్క ఫ్లాట్‌లో ఉండే అవ్వ పేరు ఇదే. ఎనభై దాటాయి. ఇక్కడ "తిర్‌త్సా" అని పిలుస్తారు, "తిర్" దగ్గర ఒత్తి. హెబ్రీలో రాయడం నాలుగే అక్షరాలు: తావ్, రెష్, త్సాది, హే.

అర్థం చెట్టు కాదు. నేను పొద్దున్నే తాతగారిని "మా అతా రోత్సె?" అని అడుగుతాను, "ఏం కావాలి మీకు?" అని. ఆ రోత్సె, ఈ తిర్‌త్సా ఒకే ధాతువు నుంచి వచ్చాయి. కావాలనుకోవడం, మనసుకి నచ్చడం. "నచ్చిన పిల్ల" అనుకోండి.

చిన్నపిల్లల్లో మాత్రం ఈ పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు. పార్కుకి వెళ్తే నోఆ, తమార్, మాయా, ఇవే పిలుపులు. నోఆ అయితే 2000 తర్వాత చాలా ఏళ్లు ఇక్కడి ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానంలో ఉంది. తిర్‌త్సా ఇక్కడ అవ్వల తరం పేరు. మన దగ్గర వెంకమ్మ, సుబ్బమ్మ అన్నట్టు.

బెరాకా2 (ఖమ్మం):

చెట్టు అని కూడా ఉంది సిస్టర్. యెషయా 44:14 చూడండి, ఇంగ్లీషు వ్యాఖ్యానంలో హెబ్రీ మాట తిర్జా అనే ఇచ్చారు. పేర్ల పుస్తకాల్లోనూ అదే ఉంది.

తిర్సా_టీచర్ (బాపట్ల):

అమ్మా, నా పేరే తిర్సా. 63 ఏళ్లు. తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. నీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ముందు చెట్టు సంగతి. యెషయాలో ఉన్నది వేరే మాట. అందులో "జ" పలికే జాయిన్ అనే అక్షరం ఉంది. మన పేరులో ఉన్నది త్సాది. ఇంగ్లీషులో రెండింటికీ "జడ్" రాయడంతో రెండు మాటలూ కలిసిపోయాయి. త్సాది ఎలా పలకాలో తెలుగువాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. చలి, చాప, చుక్క అన్నప్పుడు వచ్చే చ అదే. చిలకలో చ కాదు. పాత పుస్తకాల్లో ఆ చ మీద చిన్న రెండంకె లాంటి గుర్తు పెట్టి ౘ అని అచ్చు వేసేవారు. నేను క్లాసులో ఆ అక్షరం చెప్పిన ప్రతిసారీ నా పేరు బోర్డు మీద "తిర్ౘా" అని రాసి పలికించేదాన్ని. మన బైబిల్లో "స" వాడారు. పాత గ్రీకు బైబిల్లో కూడా "స"యే, అక్కడ థెర్సా.

ఇక పట్టణం. మీ సంఘ పెద్ద చెప్పింది అబద్ధం కాదు. ఇశ్రాయేలు రాజు బయెషా తిర్సాలో 24 ఏళ్లు ఏలాడు. జిమ్రీ ఏడు రోజులు ఏలి, రాజనగరుకి నిప్పు పెట్టుకుని అందులోనే పోయాడు. ఒమ్రీ అక్కడ ఆరేళ్లు ఉండి, షోమ్రోను (సమరయ) కొండ కొనుక్కుని రాజధాని మార్చేశాడు. నాబ్లుస్ దగ్గర తెల్ ఎల్-ఫరా అనే దిబ్బని 1946 నుంచి తవ్వి, తిర్సా ఇదేనని తేల్చారు. కానీ పరమగీతము 6:4 తీసి చూడు. ప్రియురాలి అందాన్ని తిర్సాతోనూ యెరూషలేముతోనూ పక్కపక్కన పెట్టి పోల్చింది. ఏలినవాడిని బట్టి ఊరి పేరు చెడిపోతే, మనష్షే అనే దుష్ట రాజు 55 ఏళ్లు ఏలింది యెరూషలేములోనే కదా. ఈ మాట ఆయనకి మర్యాదగా చెప్పు, పెద్దాయన ఆలోచిస్తారు.

అసలు ఈ పేరు పట్టణం కోసం పెట్టుకునేది కాదమ్మా. సంఖ్యాకాండము 27 కోసం పెట్టుకునేది. సెలోపెహాదుకి కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, అయిదుగురూ కూతుళ్లే. తండ్రి పోయాక వాళ్లు ప్రత్యక్షపు గుడారం గుమ్మం దగ్గర, మోషే ముందు, యాజకుడి ముందు, జనమంతా చూస్తుండగా నిలబడి అడిగారు: కొడుకు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మా వాటా మాకు ఇవ్వండి అని. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే అన్నాడు. ఆ తమ్ముడు చెప్పిన నోఆ ఈ నోయానే. ఇంకో సంగతి. 1910లో షోమ్రోను తవ్వకాల్లో సిరాతో రాసిన కుండ పెంకులు దొరికాయి, క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దానివి. నూనె, ద్రాక్షారసం ఏ ప్రాంతం నుంచి వచ్చాయో రాసుకున్న లెక్కలు. వాటిలో నోయా, హొగ్లా అనేవి ప్రాంతాల పేర్లు. ఆడపిల్లల పేర్లు నేలకి అలా మిగిలాయి. ఇది చదివిన రోజు నాకు ఒళ్లు జలదరించింది.

మేమూ అయిదుగురం అక్కచెల్లెళ్లం. నేను అయిదోదాన్ని. నేను పుట్టినప్పుడు మా మేనత్త గుమ్మంలోనే ఏడ్చిందట, ఇదీ ఆడపిల్లేనా అని. నాన్న ఏమీ అనలేదు. బైబిలు వెనక అట్ట లోపల, అక్కల పేర్ల కింద, నీలం సిరాతో "తిర్సా. సంఖ్యా 27" అని రాశారు. "ర్సా" మీద సిరా కాస్త పులిమి ఉంటుంది, తడి ఆరకముందే మూసేసినట్టున్నారు. ఆ బైబిలు ఇప్పుడు నా దగ్గరే ఉంది.

క్రైస్తవులకి 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం కొడుక్కీ కూతురికీ సమాన వాటా. కాగితం మీద మాటే అది, మా ఊళ్లో ఎవరూ ఇచ్చేవారు కాదు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ కుటుంబాల్లో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ చట్టం తెచ్చింది. పేపర్లో ఆ వార్త చూసి నాన్న మా అయిదుగురినీ ఇంటికి పిలిపించారు. రేపల్లె దగ్గర రెండెకరాలుండేది. మనిషికి నలభై సెంట్లు. రిజిస్ట్రేషన్ రోజు ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకోవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

కష్టం లేదని చెప్పను. మా స్కూల్లో నన్ను తిరుసమ్మ అని రాసుకున్నారు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంగ్లీషు స్పెల్లింగ్ టి-హెచ్‌తో మొదలైంది. సర్వీసు రిజిస్టర్లో "జడ్"తో ఉంది. దీనివల్ల నా పెన్షన్ కాగితాలు ఎనిమిది నెలలు ఆగాయి. ఇద్దరూ నేనేనని అఫిడవిట్లు ఇచ్చి తిరిగాను. కాబట్టి నా మాట విను: ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగ్ తేల్చుకుని, జనన ధ్రువపత్రం దగ్గర నుంచి ఆధార్ దాకా అదే రాయించు. మన వాళ్లు వినగానే రాయగలిగేది టి-ఐ-ఆర్-ఎస్-ఎ. తొందరేమీ లేదు. పుట్టుక నమోదయ్యాక ఏడాది లోపు పేరు చేర్చుకుంటే రుసుము ఉండదు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా చేర్చుకోవచ్చు.

మీ అమ్మమ్మ ఏ ఊరమ్మా? ఎన్నో పిల్ల ఆవిడ?

బెరాకా2 (ఖమ్మం):

టీచర్ గారూ, నేను రెండూ ఒకటే అనుకున్నాను. ఇప్పుడు హెబ్రీ అక్షరాలు పక్కపక్కన పెట్టి చూశాను, మీరన్నట్టే వేర్వేరు.

చిన్నారి_అమ్మ (భీమవరం):

తిర్సా గారూ, మీరు రాసింది మా ఆయనకి పైకి చదివి వినిపించాను. నాన్నగారి చొక్కా దగ్గర ఆపాల్సొచ్చింది, మిగతాది ఆయనే చదివారు.

అమ్మమ్మది పాలకొల్లు. ఎన్నో పిల్లో నాకు తెలియదు. రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ముందు ముగ్గురు అక్కలుండేవారట, నాలుగోది అమ్మమ్మ, తర్వాత ఒక తమ్ముడు. అయిదోది కాదు. ఆ పేరు ఎవరు పెట్టారో అమ్మకీ తెలియదు. పెద్దమ్మమ్మ ఒకావిడ తణుకులో ఉన్నారు, తొంభై దగ్గరపడ్డాయి. వచ్చే వారం పాపని తీసుకెళ్లి ఆవిడనే అడుగుతాం.

స్పెల్లింగ్ మీరు చెప్పినదే. అత్తయ్యగారు ఇంకా ఏమీ తేల్చలేదు, కానీ ఇవాళ పాపకి నూనె రాస్తూ ౘ తో ఒకసారి, స తో ఒకసారి పలికి చూసుకుంటున్నారు.