ఏఈడీ మిషనే అన్నీ చెబుతుంది కదా, మళ్లీ సీపీఆర్ శిక్షణ ఎందుకు?

ప్రశ్న: మూడో_అంతస్తు

మాది మూడంతస్తుల ఆఫీసు, రెండు షిఫ్టులు కలిపి 180 మంది. ఈమధ్యే ఒక ఏఈడీ (లయ తప్పిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే మిషన్) కొని రిసెప్షన్ వెనక స్టోర్ రూములో పెట్టారు. తాళం సెక్యూరిటీ దగ్గర ఉంటుంది. భద్రతా కమిటీ తరఫున సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, నోటితో శ్వాస ఇవ్వడం) శిక్షణకు సగం రోజు అడిగితే, "మూత తీస్తే ఏం చేయాలో మిషనే చెబుతుంది, అంబులెన్స్ ఎటూ వస్తుంది, ఇంక శిక్షణ దేనికి?" అంటున్నారు. శిక్షణతో నిజంగా తేడా ఉంటుందా? ఎంతమందికి ఇప్పించాలి? నేర్పేవాళ్లతో ఏవేవి తప్పక చేయించాలి? యాజమాన్యం ముందు పెట్టడానికి వివరంగా చెప్పగలరా?

జవాబు: ఎమర్జెన్సీ_నర్సు

మిషన్ మాట్లాడేది మూత తీశాకే అండీ. అంతకుముందు జరగాల్సింది చాలా ఉంది. మనిషి కుర్చీలోంచి జారిపడితే గుండె ఆగిందని ఎవరో ఒకరు గుర్తుపట్టాలి. ఒకరు ఫోన్ చేయాలి, ఒకరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, ఇంకొకరు పరుగున వెళ్లి మిషన్ తేవాలి. శిక్షణ లేనిచోట విలువైన నిమిషాలన్నీ ఇక్కడే కరిగిపోతాయి.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు గుర్తుపట్టడంలోనే. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందికి ఎగశ్వాస వస్తుంది. నోరు తెరుచుకుని ఉంటుంది, కింది దవడ కదులుతుంది, ఉండి ఉండి గురక లాంటి శబ్దం వస్తుంది. "ఊపిరి ఆడుతోంది, పరవాలేదు" అని చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోతారు. అది శ్వాస కాదు. అలాగే మెదడుకు రక్తం అందక కాళ్లూ చేతులూ కాసేపు కొట్టుకోవచ్చు. మూర్ఛ అనుకుని, తగ్గేదాకా చూద్దామని నిలబడతారు. భుజాలు తట్టి గట్టిగా పిలిచినా పలకడం లేదు, శ్వాస మామూలుగా లేదు అంటే ఇక మొదలుపెట్టడమే. ఈ పరీక్ష 10 సెకన్లు దాటకూడదు. వైద్యం తెలియనివాళ్లు నాడి వెతకొద్దు. కంగారులో తమ వేళ్లలో కొట్టుకునే నాడినే అవతలి మనిషిదనుకునే ప్రమాదం ఉంది.

అంబులెన్స్ సంగతికొస్తే, సీపీఆర్, షాక్ రెండూ అందనప్పుడు బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుంది. అంబులెన్స్ గేటు దాకా వచ్చినా లిఫ్టూ, వరండా, మూడో అంతస్తూ ఇంకా మిగిలే ఉంటాయి.

2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన కేసినోల అధ్యయనాన్ని మీ వాళ్లకు చూపించండి. అక్కడ షాక్ ఇచ్చింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన సెక్యూరిటీ గార్డులు. ఎవరో చూస్తుండగా పడిపోయి, షాక్‌తో సరయ్యే గుండె లయ ఉన్నవాళ్లలో, 3 నిమిషాలలోపు షాక్ అందినవాళ్లు 74 శాతం మంది బతికారు. ఆ తర్వాత అందినవాళ్లలో 49 శాతం మంది బతికారు. 2004లో వచ్చిన ప్యాడ్ (బహిరంగ స్థలాల్లో మామూలు వాలంటీర్లతో చేసిన అధ్యయనం) ట్రయల్‌లో, వాలంటీర్లకు సీపీఆర్ ఒక్కటే నేర్పిన చోట్ల 107 మందిలో 15 మంది బతికితే, సీపీఆర్‌తో పాటు ఏఈడీ కూడా ఇచ్చినచోట్ల 128 మందిలో 30 మంది బతికారు. రెండు వైపులా శిక్షణ ఉందన్నది గమనించండి. మిషన్ ఉంటే చాలు, శిక్షణ అక్కర్లేదు అనడానికి ఈ రెండింటిలో ఏదీ సాక్ష్యం కాదు.

జవాబు: ప్రథమచికిత్స_శిక్షకుడు

నేర్పేవాళ్లను పట్టుబట్టి అడగాల్సింది ఒకటే: ప్రతి మనిషీ సాధనకు వాడే మనిషి ఆకారపు బొమ్మ మీద కనీసం పూర్తి 2 నిమిషాలు నొక్కాలి. 40 మందికి ఒక బొమ్మ తెచ్చి మిగతా సమయమంతా స్లైడ్లు చూపిస్తే సగం రోజు దండగే.

పెద్దవాళ్లకు నొక్కాల్సిన లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. చదివితే తేలికే. బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాకే 5 సెంటీమీటర్లంటే ఎంత బలం పెట్టాలో తెలుస్తుంది. మొదటిసారి నొక్కేవాళ్లు దెబ్బ తగులుతుందేమోనని పైపైన నొక్కుతారు. ఛాతీ నడుమ, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ (మణికట్టు వైపు భాగం) ఆనించాలి. రెండో చెయ్యి దాని మీద పెట్టి, వేళ్లు పక్కటెముకలకు తగలకుండా పైకెత్తాలి. మోచేతులు వంగకూడదు, భుజాలు సరిగ్గా చేతుల పైన ఉండాలి. బలం చేతులది కాదు, నడుము నుంచి ముందుకు వాలే ఒంటి బరువుది. మోచేతులు వంచి నొక్కేవాళ్లు త్వరగా అలిసిపోతారు.

అంతకన్నా కంటికి ఆనని తప్పు ఇంకోటుంది. అలసట మొదలయ్యాక ప్రతి నొక్కు తర్వాతా ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వకుండా దాని మీదే వాలి ఉంటారు. ఛాతీ లేస్తేనే గుండెలోకి రక్తం తిరిగి చేరుతుంది. లేవనివ్వకపోతే తర్వాతి నొక్కుతో బయటికి పంపడానికి రక్తమే ఉండదు. ఇది బయటినుంచి చూస్తే తెలియదు కాబట్టి లోతునూ వేగాన్నీ కొలిచి చూపే బొమ్మలే తెమ్మనండి. 2 నిమిషాలకొకసారి మనిషి మారాలి, ఆ మార్పుకు 5 సెకన్లు దాటకూడదు. అందుకే మార్పును విడిగా సాధన చేయించాలి. రెండో మనిషి ముందే అవతలి పక్క మోకాళ్ల మీద సిద్ధంగా ఉండాలి.

సోఫా మీదో కుర్చీలోనో ఉన్న మనిషిని ముందు నేల మీదికి దించాలి. మెత్తటి వాటి మీద నొక్కితే దిగేది పరుపే. పక్కటెముక విరిగిన శబ్దం రావచ్చు. చేతుల స్థానం సరిచూసుకుని కొనసాగించాలి. ఈ మాట ముందే చెప్పి ఉంచకపోతే ఆ శబ్దానికి చేతులు వెనక్కి తీసేస్తారు.

నోటితో శ్వాస ఇవ్వడం నేర్చుకున్నవాళ్లు 30 నొక్కులకు 2 శ్వాసలు. రానివాళ్లు, ఇష్టంలేనివాళ్లు ఆపకుండా నొక్కితే చాలు. నీళ్లలో మునిగినవాళ్లకూ, గొంతులో ఏదైనా అడ్డుపడ్డవాళ్లకూ మాత్రం శ్వాస చాలా ముఖ్యం.

ఎంతమందికి అంటే, నా లెక్కలో ప్రతి షిఫ్టులో ప్రతి అంతస్తులో కనీసం ముగ్గురు, సెలవుల్ని దృష్టిలో పెట్టుకుంటే ఐదుగురు. రిసెప్షన్, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్లను వదలొద్దు. ఆఫీసు మూలమూలలూ తెలిసింది వాళ్లకే.

జవాబు: పరికరాల_నిర్వహణ

ముందు ఆ తాళం తీయించండి. మామూలు వేగంతో కాదు, వడివడిగా నడిచి వెళ్లి మిషన్ తీసుకుని రోగి దగ్గరికి తిరిగి రావడానికి 3 నిమిషాలు దాటకూడదు. మీ ఆఫీసులో అన్నిటికన్నా దూరపు మూల నుంచి ఒకసారి గడియారం పెట్టి చూడండి. దాటితే మెట్ల దగ్గర పెట్టండి, లేదా రెండోది కొనాల్సిందే. దొంగతనం భయమైతే తెరవగానే మోగే పెట్టె పెట్టుకోవచ్చు, తాళం మాత్రం వద్దు.

వారానికొకసారి పచ్చలైటు, లేదా మీ మోడల్‌లో సిద్ధంగా ఉందని చూపే గుర్తు, ఎవరో ఒకరు చూసి సంతకం చేయాలి. ఛాతీకి అంటించి షాక్ పంపే ప్యాడ్ల జిగురు జెల్ ఎండిపోతుంది. అందుకే వాటికి గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ, బ్యాటరీ తేదీ రెండూ పెట్టె మీద పెద్దక్షరాలతో రాసి అంటించండి. మిషన్ పక్కన సంచిలో రేజరు, కత్తెర, తువ్వాలు, గ్లౌజులు ఉండాలి. చెమటపట్టిన ఛాతీకి ప్యాడ్ అంటదు, ముందు తుడవాలి. వెంట్రుకలు దట్టంగా ఉంటే ప్యాడ్ కింద గాలి మిగిలిపోతుంది, మిషన్ "ప్యాడ్లు సరిచూడండి" అని అంటూనే ఉంటుంది. అక్కడే రేజరుతో పని. ఒక ప్యాడ్ కుడి కాలర్‌బోన్ కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. ఇవి అతికించేటప్పుడు కూడా నొక్కడం ఆపకూడదు.

శిక్షణ లేనివాళ్లను తికమకపెట్టే మాట ఒకటి: "షాక్ అవసరం లేదు." మనిషి బాగున్నాడని దాని అర్థం కాదు. షాక్ పనిచేసేది గుండె లయ తప్పి వణుకుతున్నప్పుడు. పూర్తిగా నిశ్చలమైపోయిన గుండెకు షాక్‌తో ఫలితం ఉండదు కాబట్టి మిషన్ ఇవ్వదు. ఆ మాట విని చేతులు తీసేయకూడదు. మనిషిలో చలనం లేకపోతే వెంటనే మళ్లీ నొక్కాలి. షాక్ ఇచ్చాక కూడా అంతే, లేచాడా లేదా అని చూస్తూ కూర్చోకూడదు.

మూడో_అంతస్తు

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండీ. ఇంకో రెండు సందేహాలు. గుండె ఆగని మనిషికి పొరపాటున నొక్కితే? సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుందంటున్నారు, మధ్యలో ఏమీ చేయనక్కర్లేదా?

జవాబు: ప్రథమచికిత్స_శిక్షకుడు

స్పృహలేని మనిషి గుండె కొట్టుకుంటున్నా కాసేపు నొక్కితే పెద్ద హాని జరగడం అరుదు. నొప్పికి కదులుతాడు, చెయ్యి తోస్తాడు, అప్పుడు ఆపేయండి. గుండె ఆగిన మనిషికి నొక్కకపోతే జరిగే నష్టానికి విరుగుడు లేదు. కరెంటు షాక్ తగిలిన మనిషైతే మెయిన్ ఆపేదాకా ముట్టుకోవద్దు.

సర్టిఫికెట్ రెండేళ్లున్నా నొక్కే నేర్పు కొన్ని నెలలకే తగ్గిపోతుంది. మూడు నెలలకొకసారి బొమ్మ మీద తలా 2 నిమిషాలు చేయించండి. ఏడాదికి రెండుసార్లు, ముందు చెప్పకుండా, ఏదో ఒక అంతస్తులో బొమ్మను పడేసి స్టాప్‌వాచ్ నొక్కండి. మూడు సమయాలు రాసుకోండి: మొదటి నొక్కు ఎప్పుడు పడింది, మిషన్ ఎప్పుడు వచ్చింది, షాక్ బటన్ ఎప్పుడు నొక్కారు. అంబులెన్స్‌కు దారి చూపడానికి గేటు దగ్గరికీ, లిఫ్టు ఆపి ఉంచడానికీ ఎవరైనా వెళ్లారో లేదో కూడా చూడండి. ఎక్కువగా మరిచిపోయేది ఆ రెండే.